తాతల నాటి నూరుడు రాయి నడుమ గుంట పడింది. దాని మీద మంగలి కత్తి నూరొచ్చా, కొత్తది కొనాలా?

నూరొచ్చు. పారేయకండి. కొత్తది కొనమని సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది రాయి మీద కత్తి పెట్టి చూసినవాళ్లు కారు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాపు ఇంటింటికీ తిరిగి గడ్డాలు గీసేవాడు, పంటల కాలంలో వడ్లు, జొన్నలు కొలిచిచ్చేవాళ్లు. ఆయన పోయిన ఏడాదికి పొది విప్పాను. రెండు కత్తులు, కత్తెర, పటిక ముక్క, తోలు పట్టా, అరచేతంత రాయి. రాయి నూనె మడ్డి పట్టి నల్లగా ఉంది, నడుమ గుంట.

అది పనికిరాదనుకొని, మంచి కత్తిని తీసుకుపోయి పట్నంలో మోటారు చక్రం మీద సాన పట్టేవాడికి ఇచ్చాను. నిమిషం కూడా పట్టలేదు. నిప్పురవ్వలు లేచాయి, అంచు పొడవునా నీలం తేలింది. మంగలి కత్తి అంచు దగ్గర కాగితమంత పలుచన, వేడి ఇట్టే ఎక్కుతుంది. ఉక్కుకు ఆ నీలం రంగు వచ్చిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టే, గట్టిదనం దిగిపోయినట్టే. ఇరవై రూపాయలు ఇచ్చి బాపు కత్తిని చంపించుకొచ్చాను. ఇప్పటికీ ఆ నీలపు మరక చూస్తే కడుపు రగులుతుంది. కూరగాయల కత్తికీ గడ్డం కత్తికీ తేడా తెలియనివాళ్లు చక్రం ఎందుకు తిప్పాలి?

రెండో కత్తికి ఇక రాయే దిక్కు. రెండు రోజులు నూరినా కత్తి అంచు కొసల దగ్గరే తెగుతోంది, నడుమ తెగడం లేదు. గుంట రాయి మీద కత్తి రెండు పక్కల గట్లకే ఆనుతుంది మరి. అప్పుడు రాయిని చదును చేయాలని తట్టింది. కిరోసిన్ దొరక్క డీజిల్‌లో రాత్రంతా నానబెట్టి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగాను. మడ్డి వదిలితే లోపల ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు! ఇన్నేళ్లలో ఆ రంగు నేనెప్పుడూ చూడలేదు. దాని మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, వాకిట్లోని తాండూరు బండ మీద తడి ఇసుక వేసి రుద్దాను. అంచుల మీది గీతలు పోయాయి, నడుమవి అట్లనే ఉన్నాయి. మళ్లీ గీసి, మళ్లీ రుద్ది, నడుమ గీత కూడా చెరిగేదాకా మూడు పూటలు పట్టింది. చివరికి అద్దం ముక్క మీద సన్న రకం వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి నునుపు చేశాను.

ఇక నూరుడు. కత్తిని పడుకోబెట్టాలి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి. రాయి మీద అంచు ముందు పోవాలి, తోలు మీద వెన్ను ముందు పోవాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. బరువు వేయొద్దు. చిన్నప్పుడు నేను చేయి పెడితే బాపు ఒక్కటే మాట అనేవాడు: "వెన్ను లేపకు బిడ్డా, లేపినవంటే పదును సచ్చినట్టే." ఆ వెన్ను మందమే కోణాన్ని కాపాడుతుంది.

బెల్జియం కోటిక్యూల్ అని, అమెరికా అర్కాన్సా రాయి అని, నూరుడు రాళ్లకు వేలకు వేలు పోసి తెప్పించుకుంటున్నారు ఇప్పుడు. మంచి రాళ్లే. కోటిక్యూల్‌లో ఉక్కును కోసేది గార్నెట్ అనే గట్టి ఖనిజపు కణాలు. కానీ ఆ రాయైనా నడుమ గుంట పడితే మా రాయి చేసిన పనే చేస్తుంది. మీ తాతది పసుపు పచ్చగా, కింద ముదురు రంగు పలక అతికి ఉంటే మాత్రం అది కోటిక్యూలే కావచ్చు, ఎక్కువ రుద్దకండి. ఆ పసుపు పొర పలుచన, అరిగిందంటే మళ్లీ రాదు.

మంగలి దుకాణాల్లో ఇప్పుడు బ్లేడును సగానికి విరిచి పెట్టే కత్తులు వచ్చాయి. ఒకరికి వాడింది ఇంకొకరికి పెట్టకూడదు కాబట్టి అది సరైన పద్ధతే. నేను బాపు కత్తితో నా గడ్డం మాత్రమే గీసుకుంటాను. గీసుకున్నాక తడి తుడిచి కొబ్బరినూనె రాసి పెడతాను, లేకపోతే ఆ ఉక్కు తెల్లారేసరికి తుప్పు పడుతుంది.

మీరు ముందు రాయి కడిగి, పెన్సిల్ గీతలు గీసి రెండు రుద్దులు రుద్దండి. గుంట ఎంత లోతుందో అప్పుడే తెలుస్తుంది.