వేసవి నిర్ణయం అమ్మాయిది, అప్పు మాత్రం మీది

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఎప్‌సెట్ రాసింది. సెలవులు ఎలా గడపాలో తననే తేల్చుకోమన్నాం. 85 వేల ఆన్‌లైన్ కోడింగ్ కోర్సు, 65 వేల ల్యాప్‌టాప్ కావాలంటోంది. నాకు చేతికొచ్చేది 60 వేలు. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి ఖర్చు 44 వేలు. బ్యాంకులో 40 వేలున్నాయి. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దండీ. సెలవుల సంగతి అమ్మాయికి వదిలేయడం మంచి పనే. కానీ సెలవులతోపాటు మీ రెండేళ్ల జీతాన్ని కూడా ఆమె చేతిలో పెట్టేస్తున్నారు. ఏటా మే నెలలో చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటే ఇది. 18 ఏళ్లు నిండని మైనర్‌కు రుణ ఒప్పందం చేసుకోవడం కుదరదు కాబట్టి సంతకం మీది, అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్‌లోకి ఎక్కేది మీ పేరు. 16 శాతం వడ్డీకి 24 నెలలైతే ఈఎంఐ దాదాపు 7,345 రూపాయలు. వడ్డీయే 26 వేలు దాటుతుంది. నెలకు మీకు మిగిలే 16 వేలలో దాదాపు సగం దానికే పోతుంది.

కోర్సు అమ్మేవాళ్లు 'వడ్డీ లేని ఈఎంఐ' అంటే అదీ అప్పే. ఫైనాన్స్ కంపెనీ ఆ సొమ్మంతా వాళ్లకు ముందే కట్టేస్తుంది. మూడో వారంలో అమ్మాయి క్లాసులు మానేసినా మీ ఖాతాలోంచి ఈఎంఐ పోతూనే ఉంటుంది.

నన్ను అసలు కలవరపెడుతున్నది మీ దగ్గరున్న 40 వేలు. నెల ఖర్చుకే చాలవు. ఆరు నెలల ఖర్చంటే 2,64,000 రూపాయలు పక్కన ఉండాలి. పైగా కౌన్సెలింగ్ ముందుంది. సీటు అలాట్ అయ్యాక చెప్పిన తేదీలోగా ట్యూషన్ ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో నమోదు) చేయకపోతే సీటు రద్దవుతుంది. హాస్టల్ అడ్వాన్స్ కూడా దాదాపు అప్పుడే అడుగుతారు. అదే వారం ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే క్రెడిట్ కార్డు గీకుతారు, ఆ బిల్లు గడువులోగా మొత్తం కట్టలేకపోతే ఏడాదికి 36 శాతానికి పైగా వడ్డీ పడొచ్చు. అందుకే మే, జూన్, జులై జీతాల్లో మిగిలేది ముట్టుకోవద్దు. అడ్మిషన్ అయ్యాక మళ్లీ పోగేసి, 25 వేల చొప్పున విడివిడి ఎఫ్‌డీలు చేయండి. అవసరమొస్తే ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు, మిగతావాటి వడ్డీ పోదు.

అమ్మాయికి 10 వేలు ఇవ్వండి, ఆమె పేరు మీదున్న ఖాతాలో, ఒకేసారి. పదేళ్లు దాటిన మైనర్లు సొంతంగా నడుపుకునే ఖాతాలు బ్యాంకుల్లో ఉన్నాయి. ఈత నేర్చుకుంటుందో, స్నేహితులతో ఊరెళ్తుందో, ఇంట్లో పడుకుంటుందో ఆమె ఇష్టం. అయిపోతే మళ్లీ ఇవ్వొద్దు. జూన్‌లోనే ఖాళీ చేసినా సరే, డబ్బు అయిపోతే ఎలా ఉంటుందో హాస్టల్‌కు వెళ్లకముందే తెలియడం మేలు. ఏదైనా కోర్సుకు కట్టే ముందు మాత్రం ఎన్ని రోజుల్లో మానేస్తే ఎంత వెనక్కిస్తారో ఆమెనే రాతపూర్వకంగా అడగమనండి. కోడింగే కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో క్లాసులు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

ల్యాప్‌టాప్ సంగతి ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచో తేలాక చూడండి. విద్యారుణం తీసుకుంటే దాన్నీ అందులో చేర్చమని బ్యాంకును అడగొచ్చు.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. ఆఫీసు పాలసీ ఒక్కటే ఉంటే ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. ఎఫ్‌డీలు మొదలుపెట్టే నెలలోనే ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ తీసుకోండి.