239వ జంతువు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం మీద ఉన్నాయి. మైకేల్ క్రైటన్ 1990లో వెలువరించిన ‘జురాసిక్ పార్క్’ నవలకూ, దాని ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో తీసిన సినిమాకూ తేడా ఏమిటన్నదే అందరి ప్రశ్న. కథ మరచిపోయిన వారికోసం నాలుగు మాటలు. కోస్టారికా తీరానికి దూరంగా ఉన్న ఒక దీవిలో జాన్ హామండ్ అనే ధనికుడు, గట్టిపడిన చెట్టుబంకలో కోట్ల ఏళ్ళ కిందట చిక్కుకున్న దోమల పొట్టలోని నెత్తురు ఆధారంగా డైనోసార్లను పుట్టించి, వాటితో ఒక వినోదవనం కడతాడు. జనానికి తలుపులు తెరిచే ముందు కొందరు నిపుణులను, తన మనుమడినీ మనుమరాలినీ అక్కడికి రప్పిస్తాడు. ఆ రెండు రోజులలోనే అంతా తలకిందులవుతుంది.

ప్రశ్న: ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే గుర్తు లేదు. మా అమ్మాయి ఈమధ్య నవల కొని పంపింది. ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో తెలిసిన కథకోసం నాలుగువందల పేజీలు తిరగేయడం దండగ అనిపించి పక్కన పెట్టాను. చదవమంటారా?
(విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: చదవండి మాస్టారూ. మీరు లెక్కలు చెప్పిన వారు కాబట్టి మరీ చదవండి. ఎవరు బతుకుతారో తెలుసునన్నారు చూశారూ, అక్కడే పొరబడ్డారు. సినిమాలో డైనోసార్ల నోట పడిన ఇద్దరు నవలలో ప్రాణాలతో దీవి దాటుతారు. సినిమాలో క్షేమంగా మిగిలిన మరో ఇద్దరికి నవలలో ఆ అదృష్టం లేదు. వారిలో ఒకరి సంగతి తరువాతి ప్రశ్నలో ఎలాగూ వస్తుంది, మిగిలిన వారి పేర్లు నా నోట రావు.

అయితే మిమ్మల్ని చదవమనడానికి నా దగ్గర ఉన్న అసలు కారణం చావుబతుకుల జాబితా కాదు, ఒక లెక్క. పార్కు నిండా కెమెరాలు ఉంటాయి, వాటి సాయంతో కంప్యూటరు ఎప్పటికప్పుడు జంతువులను లెక్కపెడుతూ ఉంటుంది. ఉండవలసినవి 238, కనిపించినవి 238. ఎప్పుడు అడిగినా ఇదే జవాబు. గణిత శాస్త్రవేత్త ఇయాన్ మాల్కమ్ మాత్రం 239 జంతువులకోసం వెదకమని అడుగుతాడు. ఉన్నవే 238 అయినప్పుడు ఇదేం కోరిక అన్నట్లు చూస్తూనే, కంట్రోల్ రూములోని వారు ఆ సంఖ్య ఎక్కిస్తారు. కంప్యూటరు వెదికి, 239 దొరికాయంటుంది. గదిలో ఎవరికీ నోట మాట రాదు. సంఖ్యను 300కు పెంచితే 292 అని వస్తుంది. జాతుల వారీగా పట్టిక తీస్తే, ఎనిమిదే ఉండవలసిన వెలోసిరాప్టర్లు అనే వేటాడే డైనోసార్లు 37 ఉంటాయి.

ఇక్కడ యంత్రం తప్పేమీ చేయలేదు. జంతువులు చచ్చిపోతాయేమో, తప్పించుకుపోతాయేమో అన్న బెంగతో రాయించిన ప్రోగ్రాము అది. 238 దొరకగానే తన పని అయిపోయిందని చాప చుట్టేస్తుంది. మన పల్లెలలో గొర్రెల కాపరి కూడా మంద దొడ్డికి చేరాక తలలు లెక్కపెట్టుకునేది ఏదైనా తప్పిపోయిందేమోననే. కాని ఏ గొర్రె చూడితో ఉందో, ఏది నేడో రేపో ఈనబోతోందో ఆ కాపరికి తెలుసు. హామండ్ కొలువులోని శాస్త్రవేత్తలు మాత్రం, పుట్టించినవన్నీ ఆడవే కాబట్టి పిల్లలన్న మాటే లేదని నిశ్చింతగా ఉన్నారు. డైనోసార్ల డి.ఎన్.ఎ.లోని ఖాళీలను పూడ్చడానికి వాడిన కప్ప డి.ఎన్.ఎ. వల్ల కొన్ని మగవిగా మారాయన్నది వారి ఊహకు అందలేదు. అంతకు ముందే మాల్కమ్‌కు అనుమానం తగిలిన చోటు మీకు ఇంకా నచ్చుతుంది. ఒక చిన్న జాతి డైనోసార్లను ఆరు నెలల తేడాతో మూడు విడతలుగా వదిలారు. వాటి ఎత్తులను గ్రాఫు గీస్తే మూడు గుట్టలు రావాలి, వచ్చింది మాత్రం ఒకే గంట ఆకారం. వాటంతట అవి పుట్టి పెరిగే మందకే అలాంటి గ్రాఫు వస్తుందని పదో తరగతి పిల్లలకు చెప్పినట్లు చెబుతాడు.

సినిమాలో ఈ తతంగమంతా లేదు. శిలాజాల నిపుణుడు గ్రాంట్, చెట్టు మొదట్లో పగిలిన గుడ్ల పెంకులనూ, వాటి నుంచి అడవిలోకి సాగిన బుల్లి పాదాల గుర్తులనూ చూస్తాడు, అంతే. రెండు క్షణాలలో విషయం కళ్ళకు కట్టింది కాబట్టి దర్శకుడిని తప్పుపట్టలేం. కాని నాకు మాత్రం, ఆ పట్టికలో ఒక వరుసలో 8, దాని పక్క గడిలో 37 అని చూసినప్పుడు కలిగిన వణుకు పెంకులను చూస్తే కలగలేదు.

నవలలో విద్యుత్తు వ్యవహారం కూడా ఇలాంటిదే. వ్యవస్థను మొత్తం ఆపి తిరిగి మొదలుపెట్టాక దీపాలు వెలుగుతాయి, తెరలు పనిచేస్తాయి, అందరూ అమ్మయ్య అనుకుంటారు. నిజానికి అదంతా అదనపు జనరేటరు మీద నడుస్తోంది, దాని నుంచి కంచెలకు కరెంటు వెళ్ళదు. జనరేటరులో ఇంధనం అడుగంటి హెచ్చరిక వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టదు. రాప్టర్ల కంచెలో అప్పటికి కొన్ని గంటలుగా కరెంటు లేదు. సినిమా ఈ ముడిని వదిలేసి, పడిపోయిన స్విచ్చులను ఎవరో ఒకరు వెళ్ళి లేపవలసిన అవసరంగా మార్చింది.

లోపాలు కూడా చెప్పాలి కదా. కాలు విరిగి, నొప్పి తెలియకుండా మార్ఫిన్ ఎక్కించుకొని మంచం మీద పడి ఉన్న మాల్కమ్ విజ్ఞానశాస్త్రం గురించి చేసే ప్రసంగాలు మరీ సాగుతాయి. రెండోసారి చదివినప్పుడు వాటిలో కొన్ని పేజీలు నేను దాటేశాను.

ప్రశ్న: సినిమాలో హామండ్ తాతయ్య అంటే నాకు చాలా ఇష్టం. నవలలో ఆయన దుర్మార్గుడని, చివరికి డైనోసార్లే చంపేస్తాయని నా స్నేహితురాలు అంటోంది. అంత మంచి మనిషిని రచయిత అలా ఎలా రాశారు?
(డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మీ ప్రశ్నను తిరగేసి అడగాలమ్మా. రచయిత ముందుగా రాసింది ఆ దుర్మార్గుడినే. మంచివాడిగా మార్చింది సినిమా. స్క్రీన్‌ప్లేలో డేవిడ్ కోప్ పేరుతోపాటు క్రైటన్ పేరు కూడా ఉంది కాబట్టి, రచయితకు అన్యాయం జరిగిందనే మామూలు ఫిర్యాదు ఇక్కడ అంత గట్టిగా నిలవదు.

నవలలోని హామండ్ నిఖార్సయిన వ్యాపారి. ఇంతటి విద్యతో మందులు తయారు చేయవచ్చు కదా అన్న ప్రసంగం వచ్చినప్పుడు, రోగులకు పనికివచ్చే మందు కనిపెడితే ధర తగ్గించమని ప్రభుత్వాలు వెంటపడతాయని, వినోదానికి ఎంత ధర పెట్టినా అడిగే నాథుడు ఉండడని తన శాస్త్రవేత్తకు వివరిస్తాడు. పార్కు కంప్యూటర్లను అమర్చిన నెడ్రీతో ఒప్పందంలో లేని పనులు చేయించుకొని, అదనంగా డబ్బు ఇవ్వకపోగా, ఎదురుతిరిగితే ఇతర ఖాతాదారుల దగ్గర అతని పేరు చెడగొట్టిస్తాడు. ఆ తరువాత నెడ్రీ డైనోసార్ పిండాలను దొంగిలించి పోటీ సంస్థకు అమ్మబోయాడంటే, అది తప్పే అయినా, దాని వెనుక కడుపుమంట ఉందని మనకు అర్థమవుతుంది. సినిమాలో నెడ్రీ ఒట్టి డబ్బు ఆశగల మనిషి. అతను ఎంత చెడ్డవాడయితే హామండ్ అంత అమాయకుడిగా కనిపిస్తాడు.

ఇక ఆ పాత్ర వేసిన రిచర్డ్ అటెన్‌బరో మనకు కొత్తవాడు కాదు. 1982లో ‘గాంధీ’ తీసిన దర్శకుడు, అంతకు ముందు సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో జనరల్ ఔట్రమ్‌గా నటించినవాడు. తెల్ల దుస్తులలో, చేతికర్రతో, నవ్వు ముఖంతో ఆయన వస్తుంటే, తప్పు చేసినా తాతే కదా అనిపిస్తుంది. కరెంటు పోయి కరిగిపోతున్న ఐస్‌క్రీములు ముందు పెట్టుకొని, చీకటి భోజనశాలలో ఒంటరిగా కూర్చొని, కుర్రతనంలో తాను నడిపిన గెంతే బుల్లి పురుగుల (ఫ్లీల) సర్కస్ గురించి, అతిథులలో ఒకరైన వృక్ష శిలాజాల నిపుణురాలు ఎల్లీకి చెప్పే సన్నివేశం నవలలో లేదు. సినిమాలోకెల్లా నాకు బాగా నచ్చినది అదే.

నవలలో ఆయన చావు మీ స్నేహితురాలు చెప్పినట్లే జరుగుతుంది, అయితే జరిగే తీరు చిత్రంగా ఉంటుంది. అప్పటికి పెద్ద ప్రమాదం గట్టెక్కింది. కంట్రోల్ రూములో మనుమలు ఆటగా మైకులో టి. రెక్స్ అనే భారీ డైనోసార్ అరుపు వినిపిస్తారు. అది నిజమైన జంతువే అనుకొని తాత బెదిరి పరుగెత్తబోయి, కొండవాలున జారి పడి, చీలమండకు దెబ్బ తగిలించుకుంటాడు. కోళ్ళంత చిన్న డైనోసార్లు చుట్టూ చేరుతున్నా, తప్పంతా తన దగ్గర పనిచేసిన వారిదేనని, ఈసారి మంచివారిని పెట్టుకోవాలని లెక్కలు వేసుకుంటూనే ఉంటాడు. పాత్రగా నవలలోని హామండే గట్టివాడని నా అభిప్రాయం. మీరు సినిమా తాతను ఇష్టపడటం మానక్కరలేదు.

ప్రశ్న: కారులో గ్లాసులోని నీళ్ళు వలయాలుగా కదిలే దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. అక్షరాలతో అంత భయం పుట్టించడం సాధ్యమేనా?
(గృహిణి, నిజామాబాద్)

జవాబు: ఆ గ్లాసు నవలలో లేదు, సినిమా సొంత సొమ్ము. కారు అద్దం కింది పలక అడుగున గిటారు తీగ కట్టి, దాన్ని మీటి ఆ వలయాలను రప్పించారు. రెండు గంటల ఏడు నిమిషాల సినిమాలో డైనోసార్లు కనిపించేది మొత్తం మీద పావుగంట. అందులోనూ కంప్యూటరుతో సృష్టించినవి ఆరు నిమిషాలకు మించవు. మిగతా భయమంతా ఇలాంటి గ్లాసులూ, ఊగే కొమ్మలూ, శబ్దాలూ పుట్టించినదే. టి. రెక్స్ కార్ల మీద పడే ఘట్టంలో నేపథ్య సంగీతం అసలు లేదు. వాన చప్పుడు, రేకు నలిగే చప్పుడు, ఆ అరుపు, అంతే. ఆ అరుపులో ఏనుగుపిల్ల ఘీంకారం, పులి గాండ్రింపు, మొసలి గురగుర కలిసి ఉన్నాయి.

నవలలో అదే ఘట్టాన్ని క్రైటన్, హామండ్ మనుమడు టిమ్ కళ్ళతో నడిపిస్తాడు. చీకట్లో చూడగల అద్దాలు పెట్టుకొని టిమ్ ఆకుపచ్చ వెలుగులో కంచె వైపు చూస్తుంటాడు. టి. రెక్స్ అక్కడ నిలబడి ఉంది, దాని తల కనబడుతోంది, ఒళ్ళు కనబడుతోంది. ముందరి చెయ్యి దేనినో పట్టుకొని ఉంది. అది పట్టుకున్నది కంచెనేనని, కంచెను పట్టుకొని కూడా అది బతికే ఉందంటే తీగలలో కరెంటు లేనట్లేనని ఆ పిల్లవాడికి తడుతుంది. చదివేవారికీ సరిగ్గా అప్పుడే తడుతుంది. ఇక్కడ భయపెట్టింది జంతువు ఆకారం కాదు, మన తలలో పూర్తయిన ఒక తర్కం. సాధ్యమేనా అని అడిగారు కాబట్టి, ఆ పేజీ ఒక్కటి చదివి చూడండి, రాత్రిపూట వద్దు.

ప్రశ్న: నవలలో అక్కాతమ్ముళ్ళ వయసులు తారుమారయ్యాయని విన్నాను. నిజమేనా?
(పాఠకుడు, గుంటూరు)

జవాబు: నిజమే. నవలలో టిమ్ అన్న, లెక్స్ చెల్లెలు. డైనోసార్ల పిచ్చీ, కంప్యూటరు తెలివీ రెండూ టిమ్‌వే. లెక్స్‌కు మిగిలింది ఆకలనడం, విసుక్కోవడం, వద్దన్న చోట దగ్గడం. సినిమా ఆమెను అక్కను చేసి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. సినిమా చేసిన మార్పులలో నవలకన్నా నిస్సందేహంగా మెరుగైనది ఇదే.

ప్రశ్న: మా మనుమరాలికి ఎనిమిదేళ్ళు. సినిమా చూసినప్పటి నుంచి డైనోసార్లు తప్ప వేరే మాట లేదు. నవలను రోజుకు కొంత తెలుగులో చెబుతూ చదివి వినిపిద్దామనుకుంటున్నాను. మీ సలహా?
(పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. క్రైటన్ హార్వర్డ్‌లో వైద్యం చదివిన మనిషి, గాయాన్ని డాక్టరు కళ్ళతోనే వర్ణిస్తాడు. నవల మొదలయ్యేదే ఒక వానరాత్రి, తీరంలోని చిన్న ఆస్పత్రికి తెచ్చిన కూలీ ఒంటి మీది చీలికలతో. యంత్రం కింద పడ్డాడని తెచ్చినవారు చెబుతారు, డాక్టరమ్మకు మాత్రం ఏదో జంతువు చీల్చినట్లు అనిపిస్తుంది. ఇంకొన్ని పేజీలు పోయాక ఉయ్యాలలోని పసికందుకు జరిగేది నేను ఇక్కడ రాయలేను. సినిమాలో కోరలు కనిపించినా నెత్తురు తక్కువ. పుస్తకంలో మీరు దాటవేయకపోతే ఏదీ దాగదు. ఆ పిల్లకు పదిహేనేళ్ళు వచ్చాక పుస్తకం చేతికివ్వండి.

ఈలోగా మీ ఊళ్ళోనే చేయదగిన పని ఒకటి ఉంది. పేరు జురాసిక్ పార్కే అయినా, నవలలోనూ సినిమాలోనూ హీరోలు, విలన్లు అయిన టి. రెక్స్, వెలోసిరాప్టర్ రెండూ జురాసిక్ కాలం ముగిసిన కోట్ల ఏళ్ళకు, క్రిటేషస్ కాలం చివరలో తిరిగినవి. పైగా అసలు వెలోసిరాప్టర్ టర్కీ కోడి అంత ఉండేది. నిఖార్సయిన జురాసిక్ జంతువు మాత్రం మన గోదావరి, ప్రాణహిత లోయలో దొరికింది. యామన్‌పల్లి దగ్గర తవ్వినప్పుడు బయటపడ్డ ఎముకలకు 1988లో ఆ ఊరి పేరే కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆకులు మేసిన ఆ పొడుగు మెడ జంతువు అస్థిపంజరాన్ని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంచారు. మనుమరాలిని తోకవైపు నుంచి మొదలుపెట్టి తలదాకా అడుగులు వేస్తూ కొలవమనండి. లెక్క రెండుసార్లు పెట్టించండి.