రొయ్యల చెరువుల పక్క బడిలో ఒడియా పిల్లలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మూడో తరగతి చెబుతాను. చెరువుల మీద పనికొచ్చిన కుటుంబాల పిల్లలు ముగ్గురు చేరారు, ఇద్దరు ఒడియా, ఒకమ్మాయి బెంగాలీ. ఏమడిగినా నోరు విప్పరు, బొమ్మలు మాత్రం ఎంతసేపైనా వేస్తారు. బొమ్మలతో, ఆటపాటలతో పాఠం చెబుదామంటే తోటి టీచర్లు "సిలబస్ ఎప్పుడు అవుతుందమ్మా" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: వేయనివ్వండి టీచరు గారూ. కాకపోతే ఖాళీ పీరియడ్లో కాదు, పాఠం మధ్యలోనే వేయించండి. బొమ్మలంటే పాఠం అయ్యాక చేసే కాలక్షేపం అనుకుంటాం కాబట్టే సిలబస్‌కి అడ్డం అనిపిస్తుంది. తెలుగు రాని పిల్లకి పాఠం ఎంత అర్థమైందో మీకు తెలిసే దారి ప్రస్తుతానికి అదొక్కటే.

వరి సాగు పాఠం తీసుకోండి. నారుమడి, ఊడ్పు, కోత, నూర్పు వరసగా నాలుగు గళ్ళలో గీయమనండి. వరస సరిగ్గా ఉంటే ఆ పిల్లకి పాఠం వచ్చినట్టే, మార్కు వేసేయండి. తర్వాత పక్కన మన ఊరి పిల్లని కూర్చోబెట్టి బొమ్మ కింద తెలుగు పేరు రాయించండి, బొమ్మ వేసిన పిల్ల చేత తన భాషలో చెప్పించి దాన్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. రొయ్య బొమ్మ వేస్తే ఒడియా పిల్లాడు చింగుడి అంటాడు, బెంగాలీ అమ్మాయి చింగ్డి అంటుంది, ఇక క్లాసంతా ఆ మాటలు పట్టుకుని అల్లరి చేస్తారు. చేయనివ్వండి, వెక్కిరింపు మాత్రం కాకుండా చూడండి.

లెక్కలకి ముగ్గు. 1, 3, 5, 7, 5, 3, 1 చుక్కలు పెట్టించి మొత్తం ఎన్నో అడగండి. 25 అని పలక మీద రాయడానికి ఏ భాషా అక్కర్లేదు. ఒడిశాలోనూ మార్గశిర లక్ష్మివారాల్లో ఇంటి ముందు బియ్యప్పిండి కలిపిన నీళ్ళతో ముగ్గు వేస్తారు, ఝోటి అంటారు. చుక్కలు లేకుండా చేత్తో తిన్నగా వేసేస్తారు. బెంగాలీల ఆల్పన కూడా పిండితోనే. ఆ అమ్మాయిని ఒక్కరోజు ముగ్గు టీచర్ని చేసి చూడండి, మన పిల్లలు వెనకపడి ఆమెని మాట్లాడిస్తారు.

మాట అసలు లేకుండా మొదలుపెట్టాలంటే బొమ్మలా నిలబడే ఆట ఉంది. నలుగురు పిల్లలు ఊడ్పులో వంగినట్టో, వల లాగుతున్నట్టో కదలకుండా నిలబడాలి, మిగతావాళ్ళు అదేంటో చెప్పాలి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1973లో పెరూ దేశపు అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. అక్కడ చదువుకోడానికి వచ్చినవాళ్ళ మాతృభాషలు ఒకటీ రెండూ కాదు, అందుకే మాటకి ముందు శరీరంతో బొమ్మ కట్టించే పద్ధతి పట్టుకున్నాడు. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని.

బాగా సిగ్గుపడే పిల్లకి తెర కావాలి. పాత పంచె కట్టి, వెనక టార్చిలైటు పెట్టి, అట్టముక్కతో తోలుబొమ్మలాటలో లాగా కొంగనో పీతనో ఆడించమనండి. మొహం కనపడదు కాబట్టి తప్పు మాట్లాడతామన్న టెన్షన్ ఉండదు. అన్నట్టు, మన దగ్గర తరతరాలుగా తోలుబొమ్మలు ఆడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర ముందు తెలుగు పద్యం! రెండు భాషల పిల్లలు చెడిపోతారనేవాళ్ళు వాళ్ళని చూడాలి.

ఒక్క జాగ్రత్త. ఏడాది రెండేళ్ళలో వాళ్ళు గ్రౌండులో తెలుగు దంచేస్తారు, మీరు "వచ్చేసింది" అనుకుని బొమ్మలు ఆపేస్తారు. అక్కడే దెబ్బ. ఆటల్లో భాష ఒకటి రెండేళ్ళలో వచ్చినా, పాఠం భాషలో తోటివాళ్ళని అందుకోడానికి అయిదేళ్ళు, ఇంకా పైన కూడా పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1980ల నుంచీ చెబుతున్నాడు. కాబట్టి బొమ్మ దగ్గర ఆగకూడదు. ముందు ఒక మాట, తర్వాత ఒక వాక్యం, ఆపైన బొమ్మ గురించి నాలుగు వాక్యాలు, ఇలా రాతలోకి లాక్కెళ్ళాలి. లేకపోతే ఆ పిల్ల మంచి బొమ్మలేస్తూనే చదువులో వెనకబడిపోతుంది.

తోటి టీచర్లు మళ్ళీ అడిగితే మన పాఠ్యపుస్తకమే తెరిచి చూపించండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండు భాషలు ప్రభుత్వమే అచ్చేసింది, మూడోది మీరు పెన్సిల్‌తో రాస్తున్నారంతే.

ప్రశ్న: ఆగస్టు 15కి ఒడియా పిల్లల చేత ఒడిస్సీ చేయిద్దామని మా స్కూల్ కమిటీ వాళ్ళు అంటున్నారు. మంచిదేగా? (పాలకొల్లు)

జవాబు: ఆ పిల్లల్ని అడిగారా? ఒడిస్సీ ఏళ్ళ తరబడి గురువు దగ్గర నేర్చుకునే శాస్త్రీయ నృత్యం, చెరువు గట్టున పెరిగే పిల్లకి అది ఎక్కడి నుంచి వస్తుంది? మన పిల్లలందరికీ కూచిపూడి వచ్చా? కోలాటంలో కలపండి. కర్ర తాళం తప్పకపోతే చాలు, తెలుగు రాకపోయినా ఎవరికీ తెలీదు.

ప్రశ్న: రావులపాలెం వైపు ఇటుక బట్టీల పిల్లలు మా బడికి వస్తారు. వానలకు ముందే సొంతూరు వెళ్ళిపోతారు. ఆ కాస్త కాలానికి ఇంత శ్రమ ఎందుకని మావారి వాదన, ఆయనా టీచరే. మీరేమంటారు?

జవాబు: మీవారిని నెలలు లెక్కపెట్టమనండి అమ్మా. పశ్చిమ ఒడిశా నుంచి బట్టీలకు వచ్చేవాళ్ళు చాలామంది వినాయక చవితి రోజుల్లో వచ్చే కొత్త బియ్యం పండుగ, నువాఖాయ్, అయ్యాక బయల్దేరతారు, అంటే వానల దాకా కనీసం సగం ఏడాది ఇక్కడే. ఇంకో సంగతి, వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురీ, బడి పుస్తకాల ఒడియా కాదు. సొంతూరి బడిలోనూ కొంత ఇబ్బంది ఉంటుందన్నమాట. వెళ్ళేటప్పుడు టీసీ అడిగితే వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందని ఇంకో బడి చేర్చుకోకుండా ఉండకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలో 5వ సెక్షన్ ఇదే చెబుతుంది. టీసీతో పాటు రెండు భాషల మాటలున్న బొమ్మల నోటుబుక్కు కూడా చేతికివ్వండి, ఇన్‌స్పెక్షన్‌కి చూపిద్దామని బీరువాలో దాచకండి.