మంచు సీసాలో నీళ్లు మసకబారితే

క్రిస్మస్ కానుకగా చేసిన మంచు సీసాలో (లోపల బొమ్మ ఉండి, తిప్పితే మెరుపుల పొడి మంచులా రాలే స్నో గ్లోబ్) నీళ్లు వారానికే మసకబారాయని, మెరుపుల పొడి పైనే తేలుతోందని అడిగారు కదా. కుళాయి నీళ్లు పోసి ఉంటారు. ఇన్వర్టర్ బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ పోయండి. అందులో నాలుగో వంతు గ్లిజరిన్ కలిపితే పొడి నింపాదిగా, నిజం మంచులా రాలుతుంది. మరీ ఎక్కువైతే అడుగున ముద్దకడుతుంది. పైన తేలకుండా గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క చాలు. నాలుగు చుక్కలైతే ఇక నురుగే!

మూత లోపలివైపు గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురుతో బొమ్మను అతికించి 24 గంటలు వదిలేయండి. నేను మొదటిసారి గ్లూ గన్ వాడాను. సీసా తిప్పగానే దుప్పి బొమ్మ ఊడి, మా పాప చేతిలోనే ఈత మొదలుపెట్టింది. ఇనుప బొమ్మలు మాత్రం వద్దు, నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి.