ఫోల్డర్ ఉందో లేదో చూశాకే సృష్టిస్తున్నా రెండు జాబ్‌లు ఒకే దాంట్లో ఎందుకు పడుతున్నాయి?

మీరు 40 జాబ్‌లు ఒకేసారి వదులుతున్నారు. ప్రతి జాబ్ రన్_001, రన్_002 అంటూ తన ఫోల్డర్ తానే చేసుకోవాలి. 'ఉందా లేదా అని చూసి, లేకపోతేనే సృష్టిస్తున్నాను, అయినా అప్పుడప్పుడూ రెండు జాబ్‌లు ఒకే ఫోల్డర్‌లో రాసేస్తున్నాయి' అన్నారు. తేడా వస్తున్నది ఆ చూడటం దగ్గరే.

ఇదే తప్పు నేనూ చేశాను. రాత్రి 64 సిమ్యులేషన్‌లు వదిలి పడుకున్నా. పొద్దున ఫోల్డర్లు లెక్కపెడితే 61. ఎర్రర్ ఒక్కటీ లేదు. ఒక లాగ్ తెరిస్తే స్టెప్ 1200, దాని కింద స్టెప్ 340, మళ్లీ 1210, మళ్లీ 350. సిమ్యులేషన్ కోడ్‌లోనే బగ్ ఉందనుకుని మధ్యాహ్నం దాకా వెతికా. తీరా చూస్తే అది రెండు జాబ్‌ల లాగ్. ఉన్న ఫోల్డర్లు లెక్కపెట్టి, ఒకటి కలిపి, ఆ పేరుతో ఫోల్డర్ సృష్టించే ఎంకేడిర్ కమాండ్‌ను మైనస్ పి తో కొట్టే స్క్రిప్ట్ నాది. రెండు జాబ్‌లకూ ఒకే లెక్క వచ్చింది. ఫోల్డర్ ముందే ఉంటే మైనస్ పి నోరెత్తదు కదా, రెండోది కూడా అంతా బాగానే ఉందనుకుని లోపలికి పోయింది. ఆ మైనస్ పి పెట్టింది కేవలం అలవాటు కొద్దీ!

బస్టాండులో కిటికీలోంచి ఖాళీ సీటు చూసి, తలుపు దాకా తిరిగి వచ్చేలోపు ఇంకొకరు కూర్చుంటారు. అందుకే మనవాళ్లు కిటికీలోంచే కర్చీఫ్ వేస్తారు. ఎంకేడిర్ ఆ కర్చీఫ్ లాంటిది. పేరు ఖాళీగా ఉందో లేదో చూడటం, ఫోల్డర్ సృష్టించడం, రెండింటినీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒకే పనిగా చేస్తుంది. ఒకే పేరు కోసం నలభై ప్రాసెస్‌లు ఎగబడినా ఒక్కదానికే దక్కుతుంది, మిగతా వాటికి 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అని ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రరే మీకు కావలసిన జవాబు.

కాబట్టి ముందు చూడకండి. పైనున్న ఫోల్డర్‌ను జాబ్‌లు మొదలయ్యే ముందే ఒకసారి చేసి పెట్టుకోండి, అక్కడ మైనస్ పి వాడినా ఫర్వాలేదు. తర్వాత ప్రతి జాబ్ లూప్‌లో మైనస్ పి లేకుండా ఉత్త ఎంకేడిర్ కొట్టాలి. పని జరిగితే ఆ ఫోల్డర్ తనది, లేకపోతే తర్వాతి నంబర్. ఉన్న ఫోల్డర్ల లెక్కను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి మాత్రం వాడుకోవచ్చు.

ఈ లూప్‌లోనూ నేను ఒకసారి దెబ్బతిన్నాను. డిస్క్ కోటా నిండిపోతే ఎంకేడిర్ ఎలాగూ ఫెయిలే. నా స్క్రిప్ట్ దాన్ని 'పేరు ఎవరో తీసుకున్నారు' అనుకుని తెల్లారేదాకా నంబర్లు పెంచుకుంటూ కూర్చుంది. బాష్‌లో అయితే ఫెయిలయ్యాక ఆ ఫోల్డర్ నిజంగా ఉందా అని చూసి, లేకపోతే ఆపేయండి. పైథాన్‌లో ఓఎస్ డాట్ ఎంకేడిర్ వాడి, ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకోండి. మేక్‌డిర్స్‌కు ఎగ్జిస్ట్ ఓకే ట్రూ ఇస్తే మళ్లీ మైనస్ పి కథే.

వరుస నంబర్లు అక్కర్లేకపోతే ఇదంతా ఎందుకు, ఎంకేటెంప్ మైనస్ డి అనే కమాండ్ చాలు. పేరు అదే ఎంచి, ఫోల్డర్ అదే చేసి, పేరు తిరిగి ఇస్తుంది. మైనస్ యు మాత్రం వద్దు, అది పేరు చెప్పి ఊరుకుంటుంది, ఫోల్డర్ చేయదు. ఇంకోటి, ఆ ఫోల్డర్ పర్మిషన్ 700 ఉంటుంది, అంటే మీకు మాత్రమే తెరుచుకుంటుంది. పక్క సీటు వాళ్లు చూడాలంటే మీరే మార్చాలి.

పేరులో సెకన్ల దాకా టైమ్ పెట్టడం వల్ల లాభం లేదు, 40 జాబ్‌లూ ఒకే సెకనులో మొదలవుతాయి. పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఒక మెషిన్ వరకే పనికొస్తుంది, కంటైనర్లలో ప్రతిదాంట్లోనూ మెయిన్ ప్రాసెస్ పీఐడీ 1 అయి కూర్చోవచ్చు. బాష్‌లోని ర్యాండమ్ వేరియబుల్ ఇచ్చే నంబర్ 0 నుంచి 32767 వరకే. 200 జాబ్‌లు వదిలితే ఏవో రెండింటికి ఒకే నంబర్ వచ్చే అవకాశం దాదాపు 45 శాతం. నేను లెక్క వేసేదాకా నమ్మలేదు. స్లర్మ్ (క్లస్టర్‌లో జాబ్‌లను క్యూలో పెట్టి నడిపేది) వాడుతుంటే జాబ్ ఐడీ, అరే టాస్క్ ఐడీ పేరులో పెట్టేయండి, గొడవ చాలావరకు తీరిపోతుంది. అప్పుడు కూడా ఎంకేడిర్‌కు మైనస్ పి పెట్టకండి, ఫెయిలైన జాబ్‌ను స్లర్మ్ అదే ఐడీతో మళ్లీ క్యూలో పెడితే పాత ఫోల్డర్ అక్కడే ఉంటుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో అందరూ పంచుకునే ఫైల్ సిస్టమ్) మీద కూడా ఈ పద్ధతే వాడుతున్నా. నెట్‌వర్క్‌లో సర్వర్ జవాబు పోయి క్లయింట్ మళ్లీ అడిగితే, మీరే చేసిన ఫోల్డర్‌కు 'ఉంది' అని ఎర్రర్ రావచ్చు. లూప్ తర్వాతి నంబర్‌కు పోతుంది, ఒక ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది, అంతే.

మార్చాక పరీక్షించాలంటే, ఒకేసారి 40 నడిపే ఎక్స్ఆర్గ్స్ మైనస్ పి 40 తో స్క్రిప్ట్‌ను 200 సార్లు నడిపి ఫోల్డర్లు లెక్కపెట్టండి (ఇక్కడి పి పెద్దక్షరం). ముందు మీ పాత కోడ్‌లో చూడటానికీ సృష్టించడానికీ మధ్య స్లీప్ 1 పెట్టి నడపండి, 200కు ఎన్ని తగ్గాయో మీకే కనిపిస్తుంది.