ఆటల ముచ్చట: బొగ్గు పట్నాల వారాంతపు లీగ్

ప్రశ్న: సింగరేణిలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. ప్లేడే డ్యూటీ (సెలవు రోజు వేసే డ్యూటీ) పడని ఆదివారాల్లో కాలేజీ దోస్తులతో బాస్కెట్‌బాల్ ఆడుతుంటాను. చుట్టుపక్కల ఊళ్ల టీంలతో చిన్న లీగ్ పెడదామంటే 'కొలువులు చేసుకునేటోళ్లకు లీగ్ ఏంది?' అంటున్నారు. ఇలాంటివి ఎక్కడైనా నడిచాయా సార్?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: నడిచాయి తమ్ముడూ, అదీ మీలాంటి బొగ్గు ఊళ్లలోనే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో విల్క్స్‌బారీ, హేజిల్టన్ అని బొగ్గు గనుల పట్నాలున్నాయి. 1946 ఏప్రిల్‌లో ఆ రెండూ, ఇంకో నాలుగు ఊళ్లూ కలిసి ఈస్టర్న్ లీగ్ పెట్టుకున్నాయి. ఇవాళ అమెరికాలో అతిపెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏకు మూలమైన లీగ్ పుట్టింది ఆ తర్వాత, జూన్‌లో.

మ్యాచ్‌లు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. సోమవారం మళ్లీ ఎవరి డ్యూటీ వాళ్లది. పాల్ అరిజిన్ సంగతే చూడండి. ఎన్‌బీఏలో 16 వేలకు పైగా పాయింట్లు కొట్టిన మనిషి. 1962లో ఆయన టీం ఫిలడెల్ఫియా వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోకు మకాం మారిస్తే, నేను రానన్నాడు. ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ కేమ్డెన్ బుల్లెట్స్ తరఫున ఈ లీగ్‌లో మూడు సీజన్లు ఆడాడు. 1964లో ఆ టీమే చాంపియన్. హనుమకొండలో పీఈటీగా ఉన్నప్పుడు ఆయన గురించి పిల్లలకు పదేపదే చెప్పేవాణ్ని. ఉద్యోగం రాగానే బూట్లు అటకెక్కించిన మంచి ఆటగాళ్లను ఎందరినో చూశాను. వాళ్లకు ఆట మీద ప్రేమ తగ్గలేదు, ఆదివారం ఎదురు నిలిచే టీం దొరకలేదు, అంతే.

చిన్న లీగ్ కదా అని తీసిపారేయొద్దు. దూరం నుంచి బాస్కెట్ వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లిచ్చే గీత ఎన్‌బీఏలోకి 1979లో వచ్చింది. వీళ్లు 1963-64 సీజన్‌లోనే గీసుకున్నారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడే ప్రొఫెషనల్ లీగుల్లో ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో మ్యాచ్ మొదలుపెట్టిన తొలి టీం కూడా ఆ హేజిల్టన్‌దే, 1955-56లో. ఎన్‌బీఏలో ఆ రోజు 1964లో గానీ రాలేదు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

1978లో ఈస్టర్న్ లీగ్ పేరు కాంటినెంటల్ అయింది, 2009లో మూతపడింది. ఆ కాంటినెంటల్ రోజుల నాటి లెక్క ఒకటుంది, మీరు తప్పకుండా పెట్టుకోండి. లీగ్ పట్టికలో మ్యాచ్ గెలిస్తే 3 పాయింట్లు, మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో (క్వార్టర్లలో) గెలిచిన ఒక్కోదానికి 1. మ్యాచ్ స్కోరులో ఇరవై పాయింట్లు వెనకబడ్డ టీం కూడా చివరి క్వార్టర్ కోసం ప్రాణం పెట్టి ఆడుతుంది.

ముందు మంచిర్యాల, భూపాలపల్లి వాళ్లతో మాట్లాడండి. అందరి షిఫ్టులూ చూసుకునే డేట్లు వేయండి. నైట్ షిఫ్టు దిగొచ్చినవాళ్లకు పొద్దున మ్యాచ్ వేయకండి, మోకాళ్లు దెబ్బతింటాయి. హనుమకొండ నుంచి ఒక టీం కావాలంటే రాయండి, నేను కూడగడతాను.