కంప్యూటర్ గేమ్స్ పని అయిపోయిందా?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. గేమ్స్ తయారుచేసే ఉద్యోగమే చేస్తాడట, అందుకు లక్ష రూపాయల కంప్యూటర్ కొనివ్వాలట. అందరూ ఫోన్లోనే ఆడుతున్నారు, కంప్యూటర్ గేమ్స్ పని అయిపోయిందని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: మన ఊళ్ల వరకు చూస్తే మీ తమ్ముడి మాట నిజమే. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడే రోజులు పోయాయి, ఇప్పుడు పిల్లల ఆటంతా ఫోన్లోనే. కానీ పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో 2025 మార్చిలో ఒకే సమయంలో 4 కోట్ల మందికి పైగా ఉన్నారు. పైగా ఫోన్ గేమును తయారుచేసేది కూడా కంప్యూటర్ మీదే.

ఇంకో సంగతి. ఫోన్లో ఊపేసిన పబ్‌జీ ముందు 2017లో పీసీలోనే వచ్చింది. దాన్ని చేసినాయన అంతకుముందు వేరేవాళ్ల గేమును విప్పి, తనకు నచ్చినట్టు మార్చుకుంటూ, చివరికి మిగిలిన ఒక్కరే గెలిచే ఆ ఆట పద్ధతి కనిపెట్టాడు. కౌంటర్ స్ట్రైక్ కూడా హాఫ్ లైఫ్ అనే గేముకు అభిమానులు చేసిన మార్పే. అలా విప్పి చూసే వీలు పీసీలో ఉన్నంతగా ఫోన్లో లేదు.

ట్రెండ్ మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. అమాంగ్ అస్ అనే గేము 2018లో వస్తే రెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి, పేరున్న స్ట్రీమర్లు (తాము ఆడే ఆటను ఆన్‌లైన్లో లైవ్‌గా చూపించేవాళ్లు) ఆడేసరికి ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. అందుకే ఒక గేమును నమ్ముకుని కెరీర్ పెట్టుకోవద్దంటాను. డబ్బులు పందెంగా పెట్టి ఆడే గేముల సంగతి అసలు ఎత్తొద్దు, 2025లో వాటిని చట్టంతోనే ఆపేశారు.

మీవాడికి ఆడటం ఇష్టమా, చేయడం ఇష్టమా? నాకు ఇదే అసలు ప్రశ్న. ఇలా పరీక్షించండి: ఒక బొమ్మ గోడ మీంచి దూకే చిన్న గేము చేసి చూపించమనండి. ఎగిరినంత నెమ్మదిగా కింద పడితే గాల్లో తేలినట్టుంటుంది, కాబట్టి పడేటప్పుడు వేగం పెంచాలి. అంచు దాటాక రెప్పపాటు ఆలస్యంగా బటన్ నొక్కినా దూకనివ్వాలి, లేకపోతే ఆడేవాడికి గేము మోసం చేసినట్టనిపిస్తుంది. ఈ ఒక్క దూకడం సరిగ్గా రావడం కోసం రెండు రాత్రులు కూర్చునే ఓపిక ఉంటే నిజంగా ఆసక్తి ఉన్నట్టే. రెండో రోజే బోర్ కొట్టిందంటే అదీ మంచిదే, లక్ష మిగిలింది.

దీనికి గోడాట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. గేము దృశ్యాల్ని వేగంగా చూపించే గ్రాఫిక్స్ కార్డు బీటెక్ రెండో ఏడాదిలో చూసుకోవచ్చు. ఇదంతా ఎప్‌సెట్ అయ్యాకే, ఇప్పుడు మొదలుపెడితే రెండూ చెడతాయి.

బ్రాంచ్ అయితే మామూలు సీఎస్ఈనే తీసుకోమనండి. లెక్కలు, సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష గట్టిగా ఉంటే గేముల్లో చోటు దొరక్కపోయినా వేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీలు ఉన్నాయి కానీ ఫ్రెషర్లకు ఉద్యోగాలు తక్కువ. చేతిలో బొమ్మలు గీసే కళ ఉంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్ బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చూడండి. లక్షల ఫీజు అడిగే ప్రైవేటు గేమింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తే మాత్రం, పాత విద్యార్థులు పూర్తిచేసిన గేములు ముందు చూపించమనండి. చూపించకపోతే ఫీజు కట్టకుండా వచ్చేయండి.